బాయిలర్ ముల్లు వేడికి 3 దాకా ఎక్కి, చల్లారాక పడిపోతుంటే: చూడాల్సింది నీళ్లు కాదు, గాలి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంటిని వెచ్చగా ఉంచే గోడ బాయిలర్, దానికి ఎనిమిదో తొమ్మిదో రేడియేటర్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ముల్లు 1.3 బార్ దగ్గర ఉండేలా నీళ్లు పడుతున్నారు (బార్ అంటే ప్రెషర్ కొలత, కింద అంకెలన్నీ అందులోనే). బాయిలర్ వెలిగి రేడియేటర్లు కాలేసరికి ముల్లు 2.8కి, ఒక్కోసారి 3కి పోతోంది. బయటి గోడకున్న చిన్న గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయి. మర్నాటికి ముల్లు 0.4. బాయిలర్ ప్రెషర్ లేదంటూ ఆగిపోతోంది. మళ్లీ నీళ్లు పట్టడం, మళ్లీ అదే కథ. మూడు వారాలుగా ఇదే. మధ్యలో కారు టైరు పంపు తెచ్చి ఎక్స్‌పాన్షన్ వెసెల్‌కి, అంటే వేడికి పెరిగే నీళ్లకి చోటిచ్చే గాలి డబ్బాకి, 1.5 వచ్చేదాకా గాలి కొట్టారు. రెండు రోజులు బాగానే ఉంది, తర్వాత మొదటికొచ్చింది. వెసెల్ పోయిందా, బాయిలరే మార్చాలా అని అడిగారు.

ఈ లక్షణాలకి బాయిలర్ మార్చక్కర్లేదు. వెసెల్ కూడా పోయిందని ఇప్పుడే చెప్పలేం. మీరు గాలి కొట్టారు సరే, కొట్టేముందు నీళ్లు దించలేదు. అందుకే ఆ 1.5 అన్న అంకెకి అర్థం లేకుండా పోయింది. నేనూ మొదట్లో ఈ తప్పే చేశాను. ఒక ఇంట్లో ఏడాదిలో మూడు సేఫ్టీ వాల్వులు (ప్రెషర్ మరీ ఎక్కితే నీళ్లు బయటికి వదిలేసేవి) మార్చాను. ప్రతిసారీ వెసెల్ వాల్వ్‌కి గేజ్ పెట్టి చూడటం, 1.4 కనబడటం, "వెసెల్ భేషుగ్గా ఉంది" అనుకోవడం. అక్కడ నేను కొలిచింది వెసెల్‌ని కాదని తెలిసేసరికి ఆ ఇంటివాళ్లకి నా మీద నమ్మకం పోయింది.

లోపల జరిగేది చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 10 డిగ్రీల నీళ్లు 70 డిగ్రీలకి వచ్చేసరికి వంద లీటర్లకి దాదాపు 2.2 లీటర్లు ఎక్కువవుతాయి. 80 డిగ్రీలకి పోతే 2.9 లీటర్ల దాకా. చూడటానికి ఇది చిన్న అంకె. కానీ మూసి ఉన్న ఇనుప గొట్టాల్లో ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోతాయి? నీళ్లని అదిమితే అణగవు. గాలి అణుగుతుంది. అందుకే ఒక ఉక్కు డబ్బాని మధ్యలో రబ్బరు పొరతో రెండు అరలు చేసి, ఒక అరలో గాలి నింపి, రెండో అరని నీళ్ల గొట్టానికి కలిపారు. నీళ్లు పెరిగినప్పుడు పొరని గాలి వైపు నెడతాయి, గాలి అణిగి చోటిస్తుంది. చల్లారినప్పుడు అదే గాలి నీళ్లని తిరిగి గొట్టాల్లోకి తోస్తుంది. ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటే ఇంతే. పాత ఇళ్లలో అటక మీద మూత లేని చిన్న తొట్టి ఒకటి ఉండేది, పెరిగిన నీళ్లు అందులోకి పోయేవి. దానికి గాలీ లేదు, ప్రెషరూ లేదు, ఈ తలనొప్పీ లేదు. కాకపోతే నీళ్లకి ఎప్పుడూ గాలి తగులుతూ ఉండటంతో గొట్టాలు లోపలినుంచి తుప్పు పట్టేవి.

ఇక్కడ రెండు ప్రెషర్లున్నాయి. ఒకటి వెసెల్‌లో ముందుగా నింపి ఉంచే గాలి ప్రెషర్. నీళ్లు అసలు లేనప్పుడు ఆ గాలి ఎంత బిగువుగా ఉందన్నది. రెండోది మీరు నీళ్లు పట్టినప్పుడు బాయిలర్ గేజ్ చూపించే నీళ్ల ప్రెషర్. నీళ్లు నిండాక రబ్బరు పొరకి రెండు వైపులా ప్రెషర్ సమానమైపోతుంది. ఎందుకంటే అది గోడ కాదు, మెత్తటి రబ్బరు. ఎటు తక్కువుంటే అటు జరుగుతుంది. కాబట్టి సిస్టమ్‌లో నీళ్లు 1.3లో ఉన్నప్పుడు వెసెల్ వాల్వ్‌కి టైరు గేజ్ పెడితే లోపల గాలి నిండుగా ఉన్నా 1.3 చూపిస్తుంది, గ్లాసుడు గాలే మిగిలినా 1.3 చూపిస్తుంది. ఆరోజు మీరు పంపు కొడుతుంటే బాయిలర్ ముల్లు కూడా కొంచెం పైకి జరిగి ఉంటుంది, గుర్తుచేసుకోండి. మీరు కొట్టిన కాస్త గాలి నీళ్లని నెట్టింది, రెండూ కలిసి 1.5కి చేరాయి. నిజంగా లోపలికి వెళ్లిన గాలి చాలా కొంచెం. దానితోనే రెండు రోజులు గడిచాయి.

మీ ఇంటి అంకెలతోనే చూద్దాం. గోడ బాయిలర్లలో సాధారణంగా ఉండే 8 లీటర్ల వెసెల్, సిస్టమ్ మొత్తంలో 80 లీటర్ల నీళ్లు, 10 నుంచి 70 డిగ్రీలకి వేడెక్కడం అనుకుందాం. పెరిగే నీళ్లు సుమారు 1.8 లీటర్లు. గాలి ప్రెషర్‌ని, దాని పరిమాణాన్ని గుణిస్తే వచ్చేది మారదు అని బాయిల్ 1662లో చెప్పిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే గేజ్ అంకెకి వాతావరణ ప్రెషర్ 1 బార్ కలుపుకోవాలి. వెసెల్‌లో గాలి సరిగ్గా 1 బార్ ఉండి, నీళ్లు 1.3కి పడితే, వేడెక్కాక ముల్లు 2.1 దగ్గర ఆగుతుంది. హాయిగా ఉంటుంది. అదే గాలి 0.3కి దిగిపోయి ఉంటే, నీళ్లు అదే 1.3కి పట్టినా, వేడికి 2.8కి ఎక్కుతుంది. మీ ముల్లు చూపిస్తున్నది సరిగ్గా ఇదే. గాలి గేజ్ మీద పూర్తిగా సున్నాకి పడితే, అంటే డబ్బాలో బయటి గాలంత బిగువే మిగిలితే, లెక్క ప్రకారం 3.7 రావాలి. కానీ అంతదాకా పోదు, 3 దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది. మీ గోడ బయట కారేవి ఆ నీళ్లే.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. గాలి సున్నాలో ఉన్న వెసెల్‌తోనైనా, వాల్వ్ 3 దగ్గర ఒకసారి తెరుచుకుని మళ్లీ గట్టిగా మూసుకుంటే పోయే నీళ్లు మూడొందల మిల్లీలీటర్లు. చల్లారాక ముల్లు 1.1 దగ్గర ఉండాలి. మీకు 0.4కి పడుతోంది. అంటే రెండింట్లో ఒకటి. సేఫ్టీ వాల్వ్ సీటులో, అంటే అది మూసుకునే చోట, మడ్డి ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోవట్లేదు, రాత్రంతా చుక్కచుక్కగా కారుతోంది. లేదా వెసెల్‌లో గాలి సున్నా కూడా కాదు, బొత్తిగా లేదు, డబ్బా అంతా నీళ్లతో నిండి ఉంది. గాలి వాల్వ్ పిన్ను దగ్గర కొంచెం కొంచెం వదులుతూ ఉంటే, నీళ్ల ప్రెషర్ వెనకనుంచి నెడుతూనే ఉంటుంది కాబట్టి చివరికి గాలంతా బయటికి పోతుంది. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు హెచ్చరిక: బాయిలర్ కరెంటు ఆపేసి, నీళ్లు చేతికి వెచ్చగా కూడా తగలనంతగా చల్లారనివ్వండి. 70 డిగ్రీల నీళ్లు చేతి మీద పడితే అది చిన్న గాయం కాదు. ఇంకొకటి, కొన్ని మోడళ్లలో ముందు మూత తీస్తే మంట మండే గది సీలు కూడా విడిపోతుంది. అలాంటి మూతలు గ్యాస్ పనికి అనుమతి ఉన్న మెకానిక్ తీయాల్సినవే, చాలా దేశాల్లో చట్టం కూడా అదే చెప్తుంది. మీ బాయిలర్ మాన్యువల్‌లో ఆ విషయం రాసి ఉంటుంది. వెసెల్ వాల్వ్ బయటినుంచి అందితే, లేదా వెసెల్ ఎర్రరంగు డబ్బాగా గోడ మీద విడిగా ఉంటే మీరే చేసుకోవచ్చు.

వాల్వ్ ఎక్కడుందో తెలియకపోతే కారు టైరు వాల్వ్‌ని పోలిన ముక్క కోసం వెతకండి. అచ్చం అదే. ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. టోపీ తీసి, పిన్నుని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం నొక్కండి. ఆ ఒక్క క్షణంలోనే సగం సంగతి తెలిసిపోతుంది. బుస్సుమని పొడి గాలి వస్తే రబ్బరు పొర బహుశా బాగానే ఉంది. ఏమీ రాకపోతే గాలి అయిపోయింది, పొర సంగతి ఇంకా తేలలేదు. నీళ్లు చిమ్మితే పొర చిరిగింది, ఇక గాలి కొట్టడం దండగ, వెసెల్ మార్చాల్సిందే. కొందరు డబ్బాని వేలితో తట్టి, పైన డొల్ల శబ్దం కింద బరువు శబ్దం వస్తే బాగున్నట్టు అంటారు. విడిగా ఉన్న పెద్ద వెసెల్‌కి అది కొంతవరకు పనికొస్తుంది, బాయిలర్ వెనక ఇరుకులో ఉన్న బల్లపరుపు డబ్బాకి నేను ఆ పరీక్షని నమ్మను.

నీళ్లు చిమ్మకపోతే, బాయిలర్ కింద రేడియేటర్లకి వెళ్లే గొట్టానికి, తిరిగొచ్చే గొట్టానికి ఉన్న రెండు కాక్‌లూ (నీళ్లు ఆపే తిప్పుడు వాల్వులు) మూసేయండి. ఇవి ఉంటే బాయిలర్‌లో ఉన్న రెండు మూడు లీటర్లు దించితే చాలు, ఇల్లంతా ఖాళీ చేయక్కర్లేదు. వెసెల్ గోడ మీద విడిగా ఉంటే అది ఈ కాక్‌లకి ఏ పక్కనుందో చూసుకోండి, రేడియేటర్ల పక్కనుంటే వీటిని మూయకూడదు. తర్వాత నీళ్లు దించే డ్రెయిన్ కాక్‌కి గొట్టం తగిలించి బకెట్‌లోకి వదలండి. ముల్లు సున్నాకి పడాలి. ఇక్కడ చాలామంది తొందరపడి కాక్ మూసేస్తారు. మూయొద్దు. గాలి కొట్టినంతసేపూ అది తెరిచే ఉండాలి. వెసెల్‌లో చేరిన నీళ్లు బయటికి పోవడానికి దారి ఉంటేనే గాలికి చోటు దొరుకుతుంది, ప్రెషర్ అంకెకి అర్థం ఉంటుంది.

ఇప్పుడు పంపు తగిలించి నెమ్మదిగా కొట్టండి. కాలితో తొక్కే పంపైనా, చేతి పంపైనా సరే. టైర్ల షాపుల్లో ఉండే పెద్ద కంప్రెసర్ మాత్రం వద్దు, ఒక్క ఊపున వచ్చిన గాలి రబ్బరుని చీల్చగలదు. మొదట మీకు గేజ్‌లో ఏమీ కదలదు, కానీ బకెట్‌లోకి నీళ్లు వస్తూ ఉంటాయి. ఒక్కోసారి నాలుగైదు లీటర్లు కూడా. సిరాలా నల్లగా ఉంటాయి. రేడియేటర్ల ఇనుము తుప్పు పట్టి తయారైన నల్లటి ఐరన్ ఆక్సైడ్ మడ్డి అది. నీళ్లు ఆగాక గేజ్ ముల్లు లేస్తుంది. అప్పుడు వచ్చే అంకే అసలైన గాలి ప్రెషర్. కావలసిన అంకెకి వచ్చాక పంపు తీసి, పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. పంపు తీసేటప్పుడు కొంచెం గాలి పోతుంది, అందుకే ఒక పిసరు ఎక్కువ కొట్టి తర్వాత తగ్గించుకోవడం సులువు. గేజ్ కూడా చూసుకోండి: లారీ టైర్ల గేజ్‌లో 1 బార్ ఎక్కడో అడుగున ఉంటుంది, సరిగా చదవలేరు. 0 నుంచి 4 బార్ దాకా ఉన్నది తీసుకోండి. గేజ్ పీఎస్ఐలో ఉంటే 1 బార్‌కి 14.5 అని గుర్తుంచుకోండి. 0.75 బార్ అంటే సుమారు 11.

గాలి కొడుతుంటే డ్రెయిన్ కాక్ నుంచి బుడగలు బుడగలుగా గాలి వస్తోందా? అయితే పొర చిరిగింది, మీ గాలి నీళ్ల వైపు పోతోంది. గాలి నిలబడట్లేదు కానీ బుడగలు లేవు అంటే, వాల్వ్ మీద సబ్బు నురగ వేసి చూడండి. నురగ పొంగితే వాల్వ్ లోపలి పిన్ను పాడైంది. అది కారు టైరు వాల్వ్ పిన్ను లాంటిదే, మార్చుకోవచ్చు. టోపీ కూడా లోపల రబ్బరు వాషర్ ఉన్న లోహపు టోపీ పెడితే మంచిది. పదేళ్ల వెసెల్ పోయిందనుకుని మార్చబోయి, పిన్ను మారిస్తే సరిపోయిన సందర్భాలు నాకు రెండున్నాయి.

ఎంత కొట్టాలి అన్నది ఇంటి ఎత్తుని బట్టి. పైన ఉన్న నీళ్ల బరువు కింద పడుతుంది కదా, పది మీటర్ల నీటి ఎత్తుకి దాదాపు 1 బార్. వెసెల్ దగ్గరనుంచి ఇంట్లో అన్నిటికన్నా పైనున్న రేడియేటర్ తల దాకా ఎన్ని మీటర్లో కొలిచి, పదితో భాగించి, 0.3 కలపండి. అయిదు మీటర్లయితే 0.5కి 0.3 కలిపి 0.8. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు దానికన్నా మరో 0.2 నుంచి 0.3 ఎక్కువ పట్టాలి. ఆ కాస్త ఎక్కువే వెసెల్‌లో కొద్దిగా నీటి నిల్వ ఉంచుతుంది. గాలి బుడగలు వదిలినప్పుడు, ఎక్కడో ఒక జాయింట్ చెమ్మగిల్లినప్పుడు పోయే నీళ్లు ఆ నిల్వ నుంచే వస్తాయి. బాయిలర్ పై అంతస్తులో ఉండి రేడియేటర్లన్నీ కిందే ఉంటే లెక్క ప్రకారం 0.3 చాలు అనిపిస్తుంది. కానీ బాయిలర్ తయారీదారులు ఒక కనీస ప్రెషర్ చెప్తారు, దానికన్నా తగ్గించొద్దు. చాలా గోడ బాయిలర్లు ఫ్యాక్టరీ నుంచి 0.75 నుంచి 1 బార్ మధ్య గాలితో వస్తాయి. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే కొట్టండి, మీ ఇంటి ఎత్తుకి అది సరిపోతుందో లేదో చూసుకుని.

ఎంత ఎక్కువ కొడితే అంత మంచిది అనుకోకండి. కొందరు 2 బార్ కొట్టి ధీమాగా ఉంటారు. అప్పుడు నీళ్లు 1.3లో ఉంటే పొరని కదపలేవు, అది నీళ్ల వైపు గోడకి అతుక్కుపోయి ఉంటుంది. వెసెల్ ఉన్నా లేనట్టే. బాయిలర్ వెలిగిన నిమిషాల్లో ముల్లు 1.3 నుంచి 2కి ఎగబాకుతుంది, అప్పటికిగానీ పొర కదలడం మొదలవ్వదు. పై లెక్కలోనే వేసి చూస్తే చివరికి 2.9 దగ్గర ఆగుతుంది. నిల్వ నీళ్లు కూడా ఉండవు కాబట్టి గ్లాసుడు నీళ్లు పోయినా ముల్లు ధబేల్మని పడుతుంది. అంటే గాలి తక్కువైనా, ఎక్కువైనా బయటికి కనబడే లక్షణాలు దాదాపు ఒకటే. అందుకే ముల్లు చూసి ఊహించకుండా నీళ్లు దించి కొలవమనేది.

గాలి సరిచేశాక డ్రెయిన్ మూసి, రెండు కాక్‌లూ తెరిచి, ఫిల్లింగ్ లూప్‌తో (మంచినీళ్ల లైను నుంచి బాయిలర్‌కి నీళ్లు పట్టే గొట్టంతో) నీళ్లు పట్టండి. గాలి 1 బార్ కొడితే నీళ్లు 1.2 నుంచి 1.3. రేడియేటర్ల పైన గాలి వదిలి, ముల్లు పడితే మళ్లీ సరిచేసి, బాయిలర్ వెలిగించండి. పూర్తిగా వేడెక్కాక ముల్లు ఎంత ఉందో రాసుకోండి. 2, 2.2 దగ్గర ఆగితే పని అయినట్టే. ఫిల్లింగ్ లూప్ కాక్‌లు రెండూ గట్టిగా మూసి, వీలైతే లూప్‌ని విప్పి పక్కన పెట్టండి.

మూడు వారాలుగా మళ్లీ మళ్లీ నీళ్లు పడుతున్నారని చెప్పారు కదా, దాని గురించి ఒక మాట. ముల్లు పడితే నీళ్లు పట్టడం తప్పు కాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు అందరూ పడతారు. కానీ వారం వారం పడుతున్నారంటే, ప్రతిసారీ కొత్త నీళ్లతో పాటు కొత్త ఆక్సిజన్, కొత్త సున్నం లోపలికి వెళ్తున్నాయి. పాత నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడో ఇనుముతో కలిసిపోయి అయిపోయి ఉంటుంది, ఆ చచ్చిన నీళ్లే సిస్టమ్‌కి మేలు. కొత్త నీళ్లు తుప్పుని మళ్లీ మొదలెడతాయి. మడ్డి చేరుతుంది, అది వెళ్లి సేఫ్టీ వాల్వ్ సీటులో, వెసెల్‌కి వెళ్లే సన్నటి గొట్టంలో కూర్చుంటుంది. తుప్పు పట్టకుండా పోసిన మందు కూడా పలచబడుతుంది. కాబట్టి ఇదంతా సర్దుకున్నాక ఆ మందు మళ్లీ ఒకసారి పోయించండి.

వెసెల్‌కి వెళ్లే ఆ సన్నటి గొట్టం సంగతి చాలామంది మర్చిపోతారు. గాలి సరిగ్గా 1 బార్ ఉంది, పిన్ను నొక్కితే పొడి గాలే వస్తోంది, పంపు కొడితే డ్రెయిన్ నుంచి చుక్క కూడా రాలేదు, అయినా వేడికి ముల్లు 3కి పోతోంది. ఇలా ఉంటే వెసెల్‌ది తప్పు కాదు, నీళ్లు వెసెల్ దాకా చేరడమే లేదు. ఆ గొట్టం విప్పి చూస్తే మడ్డి గట్టిపడి బిరడాలా ఉంటుంది. నేను ఒకసారి అలాంటి గొట్టాన్ని ఇనుప తీగతో పొడిచి శుభ్రం చేయబోయి, లోపల చీల్చి, చివరికి కొత్తది వేశాను. నేరుగా మార్చేయడమే నయం.

సేఫ్టీ వాల్వ్ విషయానికొస్తే, మీది ఇన్నిసార్లు తెరుచుకుంది కాబట్టి, పైన వేసిన లెక్క ప్రకారం అది సరిగా మూసుకోవట్లేదన్న అనుమానం గట్టిగా ఉంది. గాలి సరిచేశాక ముల్లు వేడికి 2.1 దాటకపోయినా బయట గొట్టం కింద పెట్టిన డబ్బాలో రాత్రికి నీళ్లు చేరితే వాల్వ్ మార్చాలి. దాని పిడి రెండుసార్లు తిప్పి వదిలితే ఒక్కోసారి మడ్డి కొట్టుకుపోయి సర్దుకుంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కారుతుంది. ఇక ఎంత విసుగొచ్చినా ఆ బయటి గొట్టానికి బిరడా కొట్టడం, మూత బిగించడం లాంటివి మాత్రం చేయకండి. కారడం ఆగిందని సంతోషపడేవాళ్లని చూశాను. బాయిలర్ పేలకుండా ఆపే చివరి తలుపు అది.

వెసెల్‌కి సంబంధం లేని కారణం కూడా ఒకటి చూసుకోవాలి. బాయిలర్ ఆపి, అంతా చల్లగా ఉన్నప్పుడు కూడా ముల్లు మెల్లగా పైకి పోతోందా? పోతుంటే ఎక్కడినుంచో మంచినీళ్ల లైను ప్రెషర్ లోపలికి వస్తోంది. మొదట ఫిల్లింగ్ లూప్ విప్పి చూడండి. విప్పాక కూడా పెరుగుతుంటే, కుళాయి వేడినీళ్లు కాచే పలకల హీట్ ఎక్స్‌చేంజర్‌లో లోపల చిల్లు పడి ఉండొచ్చు. దానికి ఎంత గాలి కొట్టినా లాభం లేదు. దీనికి భిన్నంగా, వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ముల్లు ఎప్పుడూ పెద్దగా పెరగకుండా మెల్లగా పడిపోతూ ఉంటే అది మామూలు లీకు. గొట్టాలు, రేడియేటర్ వాల్వుల దగ్గర పచ్చగా తెల్లగా పెచ్చు కట్టిన చోట్లు వెతకండి.

పొర చిరిగిందని తేలితే? బాయిలర్ లోపలి వెసెల్ మార్చడానికి కొన్ని మోడళ్లలో బాయిలర్‌ని గోడనుంచి దించాలి. అంత పని ఎందుకని చాలామంది మెకానిక్‌లు పాతదాన్ని అలాగే వదిలేసి బయట విడిగా ఒకటి పెడతారు. తప్పేం లేదు, నేనూ చాలాసార్లు చేశాను. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే గొట్టం మీద, బాయిలర్‌కి దగ్గర్లో, రేడియేటర్లలో నీళ్లని తిప్పే సర్క్యులేటర్ పంపు నీళ్లు పీల్చుకునే వైపు పెట్టాలి. పంపు తోసే వైపు పెడితే పీల్చే వైపు ప్రెషర్ మరీ పడిపోయి గాలి లోపలికి లాగుతుంది, రేడియేటర్లు గుడగుడలాడతాయి. మధ్యలో ఎవరైనా పొరపాటున తిప్పేసే మామూలు కాక్ పెట్టించకండి. సర్వీసు కోసం కావాలంటే పనిముట్టుతో మాత్రమే మూసే రకం దొరుకుతుంది. బరువు కూడా చూసుకోవాలి, 18 లీటర్ల వెసెల్ పూర్తిగా నీళ్లతో నిండితే దాని బరువు మీద 18 కిలోలు పడతాయి, గొట్టానికి వేలాడదీయడం కాదు, గోడకి బ్రాకెట్ ఉండాలి.

సైజు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. 1 బార్ గాలి, 1.3 నీళ్లు, వేడికి 2.5 దాటకూడదు అనుకుంటే, 8 లీటర్ల వెసెల్ మింగగలిగేది సుమారు 2.4 లీటర్లు. 80 లీటర్ల సిస్టమ్‌కి బాగా సరిపోతుంది. తర్వాత గదులు పెంచి రేడియేటర్లు కలిపి 150 లీటర్లు చేశారనుకోండి, పెరిగే నీళ్లు దాదాపు 3.4 లీటర్లు, దానికి కనీసం 12 లీటర్ల వెసెల్ కావాలి. పాత 8 లీటర్లది బాగుంటే దాన్ని తీయక్కర్లేదు, ఇంకోటి కలిపితే చాలు. రెండిట్లోనూ గాలి ఒకే అంకెలో ఉండాలి. ఎత్తు కూడా దీన్ని మారుస్తుంది. పన్నెండు మీటర్ల ఎత్తుకి గాలి 1.5, నీళ్లు 1.8 పెట్టాల్సి వస్తే, అదే 80 లీటర్లకి అదే 8 లీటర్ల వెసెల్ వేడికి 2.7కి చేరుతుంది. వాల్వ్ అంచు మీద నడుస్తున్నట్టే. ఏ లోపం లేకపోయినా కొన్ని ఎత్తైన ఇళ్లలో ఏటా ఇదే గొడవ రావడానికి కారణం ఇదే.

నైట్రోజన్ కొట్టాలా మామూలు గాలి చాలా అని చివర్లో అడిగారు. ఫ్యాక్టరీలో నైట్రోజన్ నింపుతారు. అది ఉక్కుని తుప్పు పట్టించదు, రబ్బరు గుండా ఆక్సిజన్ కన్నా నెమ్మదిగా జారిపోతుంది. మన గాలిలో ఎలాగూ 78 శాతం అదే. ఇంట్లో ఏడాదికోసారి సరిచూసుకునే వెసెల్‌కి మామూలు గాలి చాలు, దానికోసం సిలిండర్ వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఏ గాలి కొట్టినా రబ్బరు గుండా కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది, కాబట్టి చలికాలం మొదలయ్యే ముందు ఏటా ఒకసారి నీళ్లు దించి కొలవండి. కొట్టిన తేదీ, గాలి ప్రెషర్, చల్లటప్పుడు నీళ్లు, వేడికి ముల్లు, ఈ నాలుగూ ఒక టేపు ముక్క మీద రాసి వెసెల్‌కో బాయిలర్ లోపలి వైపో అతికించండి. వచ్చే ఏడు మీకైనా, వచ్చే మెకానిక్‌కైనా అది గంట పని తప్పిస్తుంది.

ముందు ఆ పిన్ను నొక్కి చూసి, గాలి వచ్చిందో, నీళ్లు వచ్చాయో, ఏమీ రాలేదో రాయండి. పైనున్న రేడియేటర్ వెసెల్‌కి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో కూడా చెబితే గాలి ఎంత కొట్టాలో సరిగ్గా లెక్క వేసి చెప్తాను.